చేయియు చాకుపిడియు

లోకమున కత్తిని మెచ్చువారు దాని యుక్కును మెచ్చుదురు, వాదరను మెచ్చుదురు. తెలంగాణమునందలి కోనసముద్రపు కొలుములలో సిద్ధమైన యుక్కుకై పారసీక వర్తకులు దూరదేశమునుండి వచ్చి వేచియుండెడివారు. హెన్రీ వాయిసీ యను శాస్త్రజ్ఞుడు ఆ యూరు చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడెను. నాటినుండి నేటివఱకు ఆ యుక్కును గూర్చి గ్రంథములు వెలువడుచునే యున్నవి. పిడిని గూర్చి వ్రాసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. అయినను పనిచేయు మనుష్యుని చేయి యుక్కును తాకదు, పిడినే తాకుచుండును. ప్రొద్దుననుండి సాయంకాలమువఱకు ఒకే కత్తితో పనిచేసినవానిని కత్తి యెట్లున్నదని యడిగినచో, వాడు ముందు తన యఱచేయి చూచుకొని, పిదప బదులు చెప్పును.

ఈ మహాసభా సంచికకు మేము చాకుపిడిని విషయముగా గైకొనుటకు కారణములు రెండు. చాకు చిన్నదైనను దానియందు మన వృత్తులు మూడు కలియుచున్నవి. అలుగు కమ్మరిది, పిడిచెక్క వడ్రంగిది, ఆ రెంటిని కలుపు ఇత్తడి చీలయు, కొనల తొడుగును కంచరివి. ఇది మొదటి కారణము. ఇక రెండవది. చాకు చరిత్ర యంతయు ఒక వ్యాజ్యము. అందు జేబు వాది, అఱచేయి ప్రతివాది. జేబునకు పిడి పొట్టిగా, పలుచగా, నునుపుగా ఉండవలెను. అఱచేతికి అదే పిడి పొడుగుగా, నిండుగా, జాఱనిదిగా ఉండవలెను. ఈ తగవు తీర్చుటకు రెండువేలయైదువందల యేండ్లుగా పనివారు పాటుపడుచున్నారు. వారి తీర్పులలో నిలిచినవన్నియు చేతిని అడిగి తీర్చినవే యని చూపుట మా యుద్దేశము.

చేతి నిర్మాణము

మనుష్యుని యొక్కొక్క చేతిలో 27 ఎముకలు కలవు. మణికట్టున 8, అఱచేత 5, వ్రేళ్లలో 14. వ్రేళ్లను మడచు బలమైన కండరములు వ్రేళ్లలో లేవు. అవి ముంజేతిలో నున్నవి. అచ్చటనుండి త్రాళ్లవంటి స్నాయువులు మణికట్టునందలి యిఱుకైన సొరంగము గుండ వ్రేళ్లకు పోవుచున్నవి. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి, నడిమివ్రేలికి, ఉంగరపువ్రేలి యొక ప్రక్కకు స్పర్శ నిచ్చు నరము కూడ ఆ సొరంగముననే సాగుచున్నది. బావి గిలకపై త్రాడు ప్రక్కకు జాఱినచో తోడువాని బలము వృథయగును గదా. మణికట్టు వంగినపుడు వ్రేళ్ల బలము సన్నగిల్లుటయు అట్టిదే. అదియుగాక, మణికట్టు వంచి చాలసేపు గట్టిగా పట్టిన, ఆ నరము నొక్కుపడి వ్రేళ్లు తిమ్మిరెక్కును. కావున మణికట్టును తిన్నగా నుంచి పని సాగించు పిడియే మంచిపిడి.

అఱచేతి యెముకలు ఐదును ఒక్కతీరున కదలవు. చూపుడు, నడిమి వ్రేళ్ల మూలపుటెముకలు స్తంభములవలె స్థిరముగా నుండును. ఉంగరపు, చిటికెన వ్రేళ్ల మూలపుటెముకలు ముందునకు వంగును. అందుచేత పిడికిలి పట్టినపుడు అఱచేయి దొప్పవలె గుంటపడును. పట్టిన పిడి అఱచేతికి సరిగా అడ్డముగా గాక ఐమూలగా నిలుచును. బొటనవ్రేలి మూలమున గుఱ్ఱపు జీనువంటి కీలు కలదు. ఆ కీలువలననే బొటనవ్రేలు తక్కిన నాల్గింటికి ఎదురుగా నిలువగలుగుచున్నది. బొటనవ్రేలి క్రింద నొక కండరపు మెట్ట, చిటికెనవ్రేలి క్రింద నొక మెట్ట, రెంటి నడుమ పల్లము. మెట్టలు ఒత్తిడి నోర్చును. పల్లమున చర్మము క్రింద రక్తనాళములును నరముల శాఖలును వ్యాపించియున్నవి, అది యోర్వదు. పిడి చేయువాడు తప్పక యెఱుగవలసిన భూగోళ మింతయే.

ఈ విషయములను సామాన్య పాఠకులకు సైతము తెలియునట్లు చెప్పిన గ్రంథములలో 1833లో చార్లెసు బెల్లు అను స్కాట్లండు వైద్యుడు చేతిని గూర్చి ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధమైనది. అయినను ఎముకల పేర్లు తెలియుట వేఱు, పట్టును తెలియుట వేఱు. పట్టును గూర్చిన శాస్త్రము పిమ్మట నూఱేండ్లకు పైగా గడచినపిదప గాని కుదురుపడలేదు.

పిడికిలి, చిటికె

1956లో జాన్ నేపియర్ అను ఆంగ్లేయ వైద్యుడు మనుష్యుని చేతిపట్లను విమర్శించి, అవి ముఖ్యముగా రెండేయని నిర్ణయించెను. ఒకటి బలమునకైన పట్టు. రెండవది నేర్పునకైన పట్టు. మొదటిదానిలో వ్రేళ్లు వస్తువును అఱచేతికి అదుముకొనును. రెండవదానిలో వస్తువు వ్రేళ్లకొనలకును బొటనవ్రేలికిని నడుమ నిలుచును. ఏ పట్టు పట్టవలెనో నిర్ణయించునది వస్తువుయొక్క ఆకారము గాదు, చేయదలచిన పనియని కూడ ఆయన చెప్పెను. తూర్పు ఆఫ్రికాలోని ఓల్డువాయి లోయలో దొరికిన ప్రాచీన మానవుల చేతియెముకలను పరీక్షించి, లీకీ, టోబయాసులతో గూడి 1964లో ఆ జాతికి నేర్పరి మానవుడను అర్థము వచ్చు పేరిడినవారిలో ఈ నేపియర్ ఒకడు.

ఈ విభాగమును విన్న తెలుగువాడు ఆశ్చర్యపడ నక్కఱలేదు. మన భాష దానిని ఏనాడో చేసియున్నది. గింజలు పిడికెడు, ఉప్పు చిటికెడు. పిడి, పిడికిలి, పిడికెడు అనునవి ఒక్క కుటుంబపు మాటలు. కత్తికి పట్టుకొను భాగమును పిడి యనుటలోనే, అది పిడికిలికై పుట్టినదను జ్ఞానము ఇమిడియున్నది.

చాకుయొక్క చిక్కంతయు ఇచ్చటనే కలదు. సుత్తెకు పిడికిలి చాలును. కంసాలి సన్నపట్టుకారునకు చిటికె చాలును. చాకునకు రెండును కావలెను. కలము చెక్కునపుడు, పండుతొక్క తీయునపుడు, దారము తెంచునపుడు అది చిటికెలో నుండును. మోకు కోయునపుడు, కొమ్మ నఱకునపుడు పిడికిలిలో నుండును. చిటికె సన్నని పిడిని కోరును. పిడికిలి లావుపిడిని కోరును. పిడికిలిపట్టుకు 30 మొదలు 40 మిల్లీమీటర్ల మందము గల పిడి యనుకూలమని నేటి శాస్త్రజ్ఞులు సామాన్యముగా చెప్పుదురు. జేబులో నిముడు చాకులలో పెక్కింటికి అందు సగము మందమైనను ఉండదు. పిడి మిక్కిలి పలుచనైనచో వ్రేళ్లు అవసరమునకు మించి ముడుచుకొనును. ముంజేతి కండరములు మిక్కిలి పొట్టివై తమ పూర్తిబలము చూపలేవు. ఉన్న బలమంతయు చర్మముపై రెండు సన్నని గీతలవెంట దిగును. బలము తగ్గి, నొప్పి హెచ్చుటకు కారణ మిదియే.

పిడి పుట్టుక

1863 మే 30వ తేదీన మద్రాసు చెంతనున్న పల్లవరమున రాబర్టు బ్రూస్ ఫూటు దొరకు ఒక రాతిపనిముట్టు దొరకెను. దక్షిణదేశపు ప్రాచీన శిలాయుగ చరిత్ర యానాటితో ప్రారంభమయ్యెను. అట్టి పనిముట్లను చేతిగొడ్డళ్లని పిలుతురు. వానికి పిడి లేదు. ఆ కాలమున అఱచేయియే పిడి. చెక్కిన యంచు ఒకవైపున పనివస్తువును కోసినచో, మఱియొకవైపున చేతిని కోయకుండ చూచుకొనుట పట్టినవాని నేర్పు.

ఇప్పటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమున సుమారు 35,000 సంవత్సరములనాటి సూక్ష్మశిలాపరికరములు బయటపడినవి. అవి గోరంత, వ్రేలంత. అట్టివానిని వట్టిచేత పట్టి గట్టిపని చేయుట కష్టము. కఱ్ఱయందో యెముకయందో పొదిగి వాడుట లోకమున పలుచోట్ల జరిగినది. అలుగు చిన్నదగుకొలది పిడి అవసరమయ్యెను. కోయు భాగము వేఱు, పట్టుకొను భాగము వేఱు అను తలంపు అట్లు స్థిరపడెను. వడ్రంగము కమ్మరముకంటె ముందుగా కత్తికి తోడుపడినదని మనవారు చెప్పుకొనుటకు ఇది చాలినంత యాధారము.

మడతకత్తి ఇనుపయుగమున కనబడుచున్నది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాటునందు దొరికిన యెముకపిడి మడతకత్తి సుమారు క్రీ.పూ. 600 - 500 నాటిదని పండితుల మతము. రోమనుల కాలమున వీని వాడుక విస్తరించెను. కేంబ్రిడ్జి నగరపు ఫిట్జ్‌విలియం వస్తుప్రదర్శనశాలలో క్రీ.శ. 3వ శతాబ్దినాటి వెండి పనిముట్టొకటి కలదు. అందు కత్తి, చెంచా, ముల్లు మొదలగునవి ఒకదానిలో ఒకటి మడచియుండును. చూపునకు ముచ్చటగొల్పునదే; అయినను అది భోజనపు బల్లకు చేసినది, చిటికెకు చేసినది. పిడికిలిని అందు ఎవరును తలపలేదు.

మన దక్షిణదేశమునను మడతపనిముట్టు లేకపోలేదు. తాటియాకుపై వ్రాయు గంటమును, ఆకును సరిచేయు చిన్నకత్తిని ఒక్క పిడిలో మడచు సాధనములు మన పనివారు చేసిరి. తమిళులు దానిని మడక్కెళుత్తాణి యందురు. గంటముతో వ్రాయుట కలముతో వ్రాయుటవంటిది గాదు. కుడిచేత గంటమును పట్టి, ఎడమచేతి బొటనవ్రేలి గోటియందలి గాటున దానిని ఆనించి నడపెడివారు. గోటిని సైతము పనిముట్టులో భాగముగా జేసికొన్న నేర్పు వారిది. చేతిని ఎఱిగిన సాధనమునకు ఇంతకన్న నిదర్శన మేల?

జేబుయొక్క గెలుపు

17వ శతాబ్దిలో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున మడతకత్తి వెన్నున స్ప్రింగు నమర్చు పద్ధతి వ్యాపించెను. తెఱచిన యలుగు తనంతట మూసికొనకుండ ఆ స్ప్రింగు అదిమిపట్టును. ఆ పట్టణపు కత్తిపనివారి సంఘము 1624లోనే పార్లమెంటు శాసనముచే ఏర్పడియుండెను. అచ్చట సాగదీయువాడొకడు, సానపట్టువాడొకడు, పిడి కూర్చువాడొకడుగా పని విభజింపబడెను. పని వేగము హెచ్చెను. సరకు లోకమంతట వ్యాపించెను. దానికి మన దేశమునుండి కణుజు కొమ్ములు పోయెను. గఱుకైన ఆ కొమ్ముపిడి తడిచేత జాఱదు. అందుచే దానికి గిరాకి. కొమ్ముల యెగుమతిని మన ప్రభుత్వమువారు 20వ శతాబ్దిచివరి దశాబ్దిలో నిషేధించిరి.

అయితే పని విభజనతో నొక నష్టము కూడ వచ్చెను. మన గ్రామపు కమ్మరి, వడ్రంగి కళ్లమువద్ద మేర గొనుచు ఏటేట అదే రైతునకు పనిచేసెడివారు. ఎవరి చేయి యెట్టిదో వారెఱుగుదురు. పిడి బిగువైన రైతు మఱునాడే తెచ్చి చూపును. వడ్రంగి బాడిసతో రెండు పొరలు తీసి యిచ్చును. షెఫీల్డునందు పిడి కూర్చువాడు తన సరకును పట్టు చేతిని ఎన్నడును చూడడు. అతని కంటికి కనబడునది జేబు. కావున చాకుపిడి పలుచనై, సొగసై, ముత్యపుచిప్పతోడను దంతముతోడను అలంకరింపబడి, పిడికిలిని మఱచెను. ఈకకలమును చెక్కు చాకునకు అది తగియే యున్నది. ఆ పిడితోనే కొమ్మ నఱకవలసినవానికి మాత్రము అది తగలేదు.

అఱచేయి మఱల పలికినది

1890లో ఫ్రాన్సు దేశపు సవోయి పర్వతములలో జోసెఫ్ ఒపినెల్ అను పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఒక చాకు చేసెను. అతనిది మన వంటి కొలిమికుటుంబము; తండ్రి గొడ్డళ్లు, కొడవళ్లు మొదలగు పదునుపనిముట్లు చేయువాడు. ఆ చాకునకు అలంకారము లేదు. ఒక్క కఱ్ఱముక్కను చెక్కి, నడుమ కొంచెము ఉబ్బించి, కొనవైపున వంపు నిచ్చెను. ఆ యుబ్బు అఱచేతి దొప్పలో నిండుగా గూర్చుండును. కొనవంపు చిటికెనవ్రేలిని పట్టి, పిడి జాఱకుండ నిలుపును. అంచులు లేని పిడి గావున ఏవైపు త్రిప్పి పట్టినను చర్మమును ఒరయదు. 1897నాటికి ఆయన ఒకటినుండి పండ్రెండువఱకు అంకెలుగల పండ్రెండు కొలతలు ఏర్పఱచెను. చేతులు పలువిధములు గావున పిడులును పలువిధములు కావలెనని యంత్రపుపనిలో సైతము ఒప్పుకొన్న మేలు ఉదాహరణ మిది. 1909లో ఆయన నమోదు చేయించిన గుఱుతు కిరీటము గల చేయి. అది వారి ప్రాంతపు పట్టణచిహ్నమునుండి గ్రహించినదే యైనను, పిడికై పాటుపడినవానికి అంతకంటె తగిన గుఱుతు దొరకదు.

ఆ కాలముననే జపానుదేశపు మికి పట్టణమున హిగోనోకామి యను చాకు పుట్టెను. దానికి స్ప్రింగు లేదు, తాళము లేదు. అలుగు మొదట చిన్న మీట యొకటి పిడిపైకి వచ్చును. పట్టినవాని బొటనవ్రేలు దానిపై నిలిచినంతసేపు అలుగు మూతపడదు. చేయియే తాళము. పెన్సిలు చెక్కుకొను బాలురకు అది బహుకాలము తోడుండెను. అయినను దాని పిడి మడచిన రేకుముక్క. బలముగా ఒత్తినచో రేకు అంచు అఱచేత దిగును. చిటికెపనిలో హాయి, పిడికిలిపనిలో బాధ.

స్విట్జర్లండు సైన్యపు చాకు చరిత్ర ఈ వ్యాజ్యమునకు దినచర్యవంటిది. 1890 నమూనాకు నల్లని చెక్కపిడి. కార్ల్ ఎల్సెనర్ అను కత్తిపనివాడు 1891నుండి దానిని సైన్యమునకు చేసియిచ్చెను. చెక్క పగులుచుండుటచే 1908లో గట్టి ఫైబరుపిడి వచ్చెను. 1961లో అల్యూమినియపు పిడి వచ్చెను. పొడవు 93 మిల్లీమీటర్లు. తేలిక, పలుచన, జేబునకు సుఖము. సుమారు అర్ధశతాబ్ది గడచినపిమ్మట 2008 నమూనాలో పిడి 111 మిల్లీమీటర్లకు పెరిగెను. జాఱకుండ మెత్తని పట్టుభాగములు చేరెను. ఒంటిచేత తెఱచు వీలు కలిగెను. పెద్దవాని యఱచేతి వెడల్పు సుమారు 75 మొదలు 90 మిల్లీమీటర్లు. పిడి అంతకంటె స్పష్టముగా పొడుగైనపుడే దాని కొన అఱచేతి పల్లమును పొడువక దాటిపోవును. ఆ 18 మిల్లీమీటర్ల పెరుగుదల అఱచేతికి వచ్చిన డిక్రీ.

1964లో అమెరికాలో వెలువడిన బక్ 110 అను చాకు మఱియొక కొసకు పోయినది. నిండైన చెక్క, ఇత్తడి కొనలు, సుమారు 200 గ్రాముల బరువు. అఱచేయి పూర్తిగా గెలిచెను. కాని జేబు దానిని మోయలేకపోగా, నడుమునకు తోలుసంచి కట్టుకొనవలసివచ్చెను. 1981లో స్పైడర్కో వారు అలుగునకు బొటనవ్రేలు ఆనునట్టి రంధ్రము, పిడికి జేబుకొక్కెము నమర్చిరి. తెఱచుటలో గోటికి శ్రమ తప్పెను. అయితే బలముగా పట్టినపుడు ఆ కొక్కెము అఱచేత నొక్కుకొనుట పెక్కుమంది యెఱిగినదే. ఒకచోట తీర్చిన తగవు మఱియొకచోట తలయెత్తును.

1990లో అమెరికాలో శామ్ ఫార్బర్ అనునతడు కీళ్లవాతముతో బాధపడు తన భార్యను దృష్టియందుంచుకొని వంటింటి పనిముట్లకు లావైన మెత్తని పిడులు చేయించెను. అవి చాకులు గావు. అయినను చాకుపనివారు నేర్వదగిన పాఠ మందున్నది. నొప్పిగల చేతికై చేసిన పిడి నొప్పిలేని చేతులకు సైతము సుఖమిచ్చెను. బలహీనుని చేయియే పిడికి సరియైన పరీక్షకుడు.

పనివారికి పనికివచ్చు మాటలు

ఈ చరిత్రనుండి తేలిన ధర్మములను కొలిమియొద్ద నిలిచి చెప్పినట్లు చెప్పుదుము. గుండ్రని పిడి చేతిలో తిరుగును. కోలగా నున్న పిడి వాదర యేవైపుననున్నదో చూడకయే చేతికి చెప్పును. వ్రేళ్లకు గాళ్లు చెక్కిన పిడి, చెక్కినవాని చేతికే సరిపోవును. వ్రేలు లావైనవానికి ఆ గాళ్ల నడిమి గట్లు ఎముకపై నిలుచును. పొడవైన యొక్క మెల్లని వంపు అందఱికిని ఒప్పును. అద్దమువలె మెఱయు నునుపు చెమటచేత జాఱును. జాఱును గావున చేయి మఱింత బిగియును. బిగియును గావున త్వరగా అలయును. మిక్కిలి గఱుకు చర్మమును ఒలుచును. రెంటి నడుమనున్నదే మేలు. చీలల తలలు, రేకుల యంచులు ఆకురాయితో ఎంతసేపు సవరించిన అంత మంచిది. బొటనవ్రేలు ఆను అలుగు వెన్నును గూడ మఱువరాదు. సుమారు పదిమందిలో ఒకరు ఎడమచేతివాటమువారు. ఒకే ప్రక్క గోటిగాటు పెట్టి వారిని పనిముట్టుకు దూరము చేయుట న్యాయము గాదు. స్త్రీల యఱచేతులు సామాన్యముగా సన్నములు. కూరగాయల కత్తియు, కొడవలియు ఎక్కువగా వారి చేతనే యున్నను, పిడికొలత మాత్రము పురుషుని చేతినుండి తీయుట మన పనివారిలోను కలదు. దీనిని సవరించుట మన చేతిలోని పని.

మన కర్తవ్యము

ఈ మహాసభకు విచ్చేసిన పెద్దలకును, పోషకులకును మేము మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మన యిండ్ల అటుకలపైనను, పాత కొలిముల మూలలను పడియున్న పాతపిడులను పాఱవేయకుడు. ఏండ్లతరబడి వాడిన పిడియందు ఏచోట అరిగినదో, ఏచోట చెమటకు నల్లబడినదో చూచిన, అది యొక చేతి చరిత్రయని తెలియును. వానిని సేకరించి, కొలతలు వ్రాసి, చిత్రములు తీయించి ఒకచోట నుంచుటకు పెద్ద ధనమక్కఱలేదు, పట్టుదల కావలెను.

రెండవది: పనివారి చేతుల కొలతలు. అఱచేతి వెడల్పు, నడిమివ్రేలి పొడవు, బొటనవ్రేలును నడిమివ్రేలును కలిపిన వలయపు చుట్టుకొలత. ఈ మూడింటిని స్త్రీపురుషులకు వేఱువేఱుగా వ్రాసియుంచినచో, మన యువకులు యంత్రముపై పిడులు చేయునపుడు పరదేశపు చేతులకు గాక మన చేతులకు చేయగలరు.

మూడవది మాకు మిక్కిలి ముఖ్యము. ఊరందఱి పిడులు సవరించు కమ్మరి తన సుత్తెపిడిని ఏనాడు సవరించుకొనును? వడ్రంగి తన యులిపిడి చితికియున్నను అట్లే కొట్టుచుండును. రాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి నిద్ర మేల్కొలుపుట యనేకులకు కలదు. అది ముసలితనమనియు కర్మమనియు ఓర్చుకొనుచున్నారు. మణికట్టులో నరము నొక్కుపడుట దానికి కారణము కావచ్చును. వేళకు వైద్యునికి చూపినచో నయమగుటకు వీలు కలదు. పిడియు, పట్టును మార్చుకొనుటయు మేలు చేయును. సంఘపు పోషకులు విద్యార్థి వేతనములకు ఇచ్చుచున్నట్లే, ఏటికొకసారి పనివారి చేతులకు వైద్యపరీక్ష చేయించుటకును కొంత ద్రవ్యము కేటాయింపవలెనని మా ప్రార్థన.

కొలిమి ఆరినను మరల రాజేయవచ్చును. ఉక్కు విఱిగినను మరల కరగించవచ్చును. చేయి చెడినచో మన వృత్తులకు మూలధనము లేదు. పిడిని చేతికి తగినట్లు చేసిన పెద్దల వంశమువారము. మన చేతులకు తగిన పిడులు మనమే చేసికొనుట మన విధి.